బొత్తాం పెట్టిన సంచి

జనవరి 9

మామయ్యా,

పార్సిల్ విప్పగానే నీకు కోపం వస్తుంది. తిట్లన్నీ ఉత్తరంలో రాయి, పార్సిల్ జోలికి మాత్రం పోకు. అందులో ఉన్నది పిల్లల సొత్తు.

నువ్విచ్చిన పాత కెమెరాలు పన్నెండూ భేషుగ్గా పనిచేస్తున్నాయి. ఒకదానికి వెనక తలుపు నిలవడం లేదని రబ్బరు బ్యాండు వేశాం. ఈ మాట ఫోన్లో చెప్దామంటే నీకు సగం వినపడదు, మిగతా సగం నీకు నచ్చినట్టు వింటావు. అందుకే రాస్తున్నాను.

నా క్లాసు సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా సంస్థ ఆఫీసుకి రెండు వీధుల అవతల పాత బట్టల గోదాము ఉంది. ఎక్కడెక్కడి నుంచో మూటలుగా వచ్చిన బట్టల్ని అక్కడ ఏరతారు. చొక్కాలు ఒక పక్క, పాంట్లు ఒక పక్క, మరీ చిరిగినవి తుడుపు గుడ్డలకి. బొత్తాలు కోసి డబ్బాల్లో వేస్తారు. చివర ఆవిరి మిషన్ల గదిలో నొక్కి మళ్ళీ మూటలు కడతారు. పనివాళ్ళంతా వెనక వరస గదుల్లోనే కాపురాలుంటారు. ఆ పిల్లలకి ప్రతి ఆదివారం ఫొటోలు తీయడం నేర్పిస్తున్నాను. వాళ్ళ బతుకుని వాళ్ళే చూపించాలి గానీ బయటి నుంచి మనం వెళ్ళి తీసుకొచ్చి చూపించడం ఏమిటి? మార్చి 15న లైబ్రరీ హాల్లో వీళ్ళ ఫొటోలతో ప్రదర్శన. ఊళ్ళో పెద్దవాళ్ళు, పేపరువాళ్ళు వస్తారు. ఆ గోదాములో పిల్లలు ఎలా బతుకుతున్నారో నలుగురికీ తెలియడానికి ఇన్నాళ్ళకి ఒక దారి దొరికింది.

ఒక్కో ఫిల్ము రోలూ ఒక్కో గుడ్డ సంచిలో ఉంది చూడు. పిల్లలే కుట్టుకున్నారు, పైన బొత్తాం పెట్టుకునేలా. నేను ఒక్కటి కూడా విప్పలేదు. ఫొటో ఎవరు తీస్తే వాళ్ళదే, అడక్కుండా నేను కూడా ముట్టుకోను అని మొదటిరోజే వాళ్ళకి మాటిచ్చాను.

పచ్చ బొత్తాం ఉన్న సంచి ఒక పదేళ్ళ పిల్లది. బొత్తాలంటే దానికి పిచ్చి, జేబునిండా అవే, అందుకని దాని పేరే బొత్తాం అయిపోయింది. నాలుగేళ్ళప్పుడు ఆవిరి గొట్టం తగిలి ఎడమ చెంప మెడదాకా కాలింది. అది కెమెరా పట్టుకున్న తీరు నువ్వు చూడాలి మామయ్యా. "టీచర్, నువ్వు వెలుగుకి అడ్డం వచ్చావు, జరుగు" అంటుంది నన్ను పట్టుకుని. నీ శిష్యురాలు అనుకుంటావు.

కడిగి, ప్రింట్లు వేసి పంపు. ఒకటే షరతు. నీ టచింగు బ్రష్షులు పెట్టెలోంచి బయటికి రాకూడదు. మరక ఉంటే మరక, మచ్చ ఉంటే మచ్చ. ఉన్నది ఉన్నట్టు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ మేనకోడలు

•

జనవరి 21

అమ్మడూ,

కోపం రాలేదు, ఏడుపొచ్చింది. రబ్బరు బ్యాండా! ఆ కెమెరా నలభై ఏళ్ళు నా మెళ్ళో వేలాడింది. ఇదిగో స్ప్రింగు పంపుతున్నాను, బుద్ధిగా మార్పించు.

స్టూడియో మూసినప్పటి నుంచీ డార్క్‌రూంలో మీ అత్తయ్య ఇంట్లో పనికిరాని సామానంతా పేర్చింది. దాన్ని బయటపెట్టించేసరికి నా తాతలు దిగొచ్చారు. ఇప్పుడు ఇల్లంతా ఫొటోలు కడిగే ఫిక్సరు మందు వాసన. "పెళ్ళైన కొత్తలో ఉన్నట్టుంది" అంది. అది మెప్పో దెప్పో ఇన్నేళ్ళ కాపురంలో నాకు ఇంకా అంతు చిక్కలేదు.

రోల్సు కడిగాను. సగం ఫొటోల్లో బొటనవేళ్ళు. ఒక పిల్లాడు ఒకే కుక్కని ముప్పైసార్లు తీశాడు, ముప్పయ్యోదాంట్లో ఆ కుక్క కూడా విసుక్కుంది. కానీ అమ్మడూ, బొటనవేళ్ళు తీసేస్తే మిగిలినవి చూడటానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మూటల మధ్య నిద్రపోతున్న పసిబిడ్డ. ఎవరివో తెలియని వంద చొక్కాల చేతులు. అవి నేర్పితే వచ్చేవి కావు.

ఆ బొత్తాం ఉంది చూశావూ, అది తొందరపడదు. ముప్పై ఆరింట్లో పదిహేడే వాడింది. చివరిది అద్దంలో తనని తానే తీసుకుంది. ఎదురుగా, నిటారుగా కూర్చుని. "గడ్డం కొంచెం కిందికి, ఇటు చూడండి" అని నేను జన్మంతా జనాన్ని బతిమాలాను, ఆ పిల్లకి ఎవరు చెప్పారో మరి.

ఇంకో సంగతి కనిపెట్టాను. ఈ రోల్సన్నిట్లో కలిపి నువ్వు ఇరవై మూడు చోట్ల పడ్డావు. ఒక్కదాంట్లో కూడా ఎదురుగా లేవు. అన్నిట్లో పక్కకే తిరిగి ఉన్నావు. పాఠాలు చెప్పే పంతులమ్మకి కెమెరా అంటే ఇంకా భయమేనా?

ప్రస్తుతానికి కాంటాక్ట్ షీట్లు పంపుతున్నాను. ఒక్కో కాగితం మీద రోలంతా చిన్న చిన్న బొమ్మలుగా ఉంటుంది, ఏవి కావాలో చూసుకోండి. బొత్తాం సంచిలో ఫిల్ముతో పాటు నాకో చీటీ ఉంది. ఏం రాసిందో నీకు చెప్పను, చెప్పొద్దని రాసింది. నా జవాబు ఆ సంచిలోనే పెట్టి బొత్తాం పెట్టాను. విప్పకుండా దానికివ్వు.

రబ్బరు బ్యాండు సంగతి మాత్రం మర్చిపోని

మీ మామయ్య

•

ఫిబ్రవరి 2

మామయ్యా,

నీకూ బొత్తాంకీ మధ్య ఏం నడుస్తోందో గానీ, నన్ను పోస్ట్‌మాన్‌ని చేశారు ఇద్దరూ. నీ సంచి ఇవ్వగానే అది మూలకి పోయి చదువుకుంది. నా వైపు చూసి నవ్వి, పెన్సిల్ అడిగింది. దాని జవాబు ఇదిగో, విప్పలేదులే. గుళ్ళో... అని ఒట్టు వేయబోయి ఆగాను, నేనెప్పుడైనా అబద్ధం ఆడానా నీతో?

నేను ఎదురుగా లేనన్నావు. పిల్లలు తీసేటప్పుడు నేను పనిలో ఉంటాను, పోజులిస్తూ కూర్చుంటే క్లాసు ఎవరు చెప్తారు? అక్కర్లేనివన్నీ లెక్కపెడతావు.

అసలు సంగతి విను. అద్దంలో తీసుకున్న ఆ ఫొటో చూడ్డానికి మా ఆఫీసంతా నా బల్ల చుట్టూ మూగింది. ప్రదర్శనకి అదే ముఖ్యం అని అందరం అనుకున్నాం. హాల్లోకి అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద అదొక్కటే ఉండాలి, నాలుగడుగుల ఎత్తున. ఆ చెంప మీద ఒక్కో ముడతా కనపడేలా వేయి. కింద ఏం రాయాలో కూడా నేనే రాశాను. "ఎవరూ చూడని క్షణంలో కాలిన చెంప ఇది. ఇప్పుడైనా చూడండి." ఎలా ఉంది? గోదాము వాళ్ళు ఆ గొట్టానికి ఇప్పటికీ తొడుగు వేయలేదు మామయ్యా, తెలుసా? ఈ ఒక్క ఫొటో చాలు, వాళ్ళకి నిద్ర పట్టదు.

త్వరగా పంపు. రోజులు దగ్గర పడుతున్నాయి.

కాళ్ళు నేల మీద నిలవని

మేనకోడలు

•

ఫిబ్రవరి 11

అమ్మడూ,

ప్రింట్లు నలభై ఒకటి, నెగెటివ్‌లు అన్నీ పంపుతున్నాను. అట్టల మధ్య పెట్టాను, వంచకు.

నాలుగడుగుల ఫొటో మాత్రం నేను వేయను. చేతకాక కాదు. ఎందుకని అడక్కు, నేను చెప్పలేను. ఒక్కటే అడుగుతాను, ఆ పిల్లని అడిగావా? నీ ముఖం గోడంత చేసి పెడతాం, కింద ఇలా రాస్తాం అని చదివి వినిపించావా? అడగకపోతే అడుగు.

పచ్చ బొత్తాం సంచిలో అరచేతంత ప్రింటు ఒకటుంది. అది బొత్తాంది. దాని చేతికే ఇవ్వు. నువ్వు విప్పకు. ఇది గట్టిగా చెప్తున్నాను.

మీ అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయి. డార్క్‌రూం పని అయిపోయింది కదా, సామాను మళ్ళీ లోపల పెట్టనా అని అడుగుతోంది. అప్పుడే వద్దన్నాను.

మీ మామయ్య

•

ఫిబ్రవరి 19

మామయ్యగారికి,

సంచి విప్పాను. అవును, విప్పాను. మీరు నాలుగడుగులది వేయనన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది.

సిగ్గుగా లేదూ మీకు? ఉన్నది ఉన్నట్టు ఉంచమని అంత స్పష్టంగా రాస్తే, పదేళ్ళ పిల్ల చెంపని సున్నం కొట్టిన గోడలా నున్నగా చేసి పంపుతారా? మచ్చ లేదు, మెడ మీద ముడత లేదు. అంత చక్కగా చేశారు, ఎక్కడ చేశారో కూడా తెలియడం లేదు. పెళ్ళిచూపుల ఫొటోలకి చేసీ చేసీ మీకు చెయ్యి ఊరుకోదు. పైగా రహస్యంగా దాని చేతికే ఇమ్మంటారా? "చూడమ్మా, నువ్విలా ఉంటే బాగుండేదానివి" అని దానికి చెప్పడానికా?

మీకు కొత్త కాదుగా ఇది. తొమ్మిదేళ్ళప్పుడు నా ఫొటోలో నా మెల్లకన్ను సరిచేసింది ఎవరు? మా ఇంటి ముందుగదిలో ఇప్పటికీ వేలాడుతోంది, రెండు కళ్ళూ తిన్నగా ఉన్న పిల్ల. అది నేను కాదు. ఇంటికొచ్చిన వాళ్ళంతా దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ దాన్ని చూసేవాళ్ళు. నాకు చేసింది చాలదా? నేను ఈ క్లాసు పెట్టిందే ఇంకో పిల్లకి అలా జరక్కూడదని.

బొత్తాంని అడిగావా అని నాకు నీతులు చెప్పారు. అది తన ముఖాన్ని తనే ఎదురుగా తీసుకుంది. అంతకన్నా అడిగేదేముంది? నెగెటివ్ ఇక్కడి ల్యాబులో ఇచ్చాను. నాలుగడుగుల ప్రింటు వచ్చేసింది, మచ్చతో సహా. మీ సంచి నా బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. ఆ ప్రింటు దాని కంట పడనివ్వను.

ఇట్లు,
మీ మేనకోడలు

•

ఫిబ్రవరి 27

అమ్మడూ,

మీరు అన్నావు. పుట్టినప్పటి నుంచీ నువ్వు అనే పిలిచావు నన్ను. ఉత్తరం మీ అత్తయ్య చదివి వినిపించింది, "మీరు" దగ్గర ఆగిపోయింది పాపం.

సంచి ఆ పిల్లకివ్వు. పదిహేనో తారీకు లోపల ఇవ్వు. ఇంతకన్నా నేను రాయను.

మీ మామయ్య

•

మార్చి 17

మామయ్యా,

నీకు ఉత్తరం రాయడానికి నాకు ముఖం చెల్లడం లేదు. అయినా నీకు కాక ఇంకెవరికి రాయను?

హాలు కిక్కిరిసిపోయింది. అందరూ వచ్చారు. పిల్లలు తలదువ్వుకుని, ఎవరి ఫొటో కింద వాళ్ళు నిలబడ్డారు. కుక్క ఫొటోల పిల్లాడు వచ్చినవాళ్ళందరికీ కుక్క జీవిత చరిత్ర చెప్తున్నాడు. నేను గాల్లో తేలిపోతున్నాను.

బొత్తాం వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది ఆవిడ, జుట్టు మీద దూది పోగులున్నాయి. ఇద్దరూ గుమ్మంలో ఆగిపోయారు. ఎదురుగోడ మీద నాలుగడుగుల బొత్తాం. బొత్తాం ముఖంలో ఏమీ కనపడలేదు మామయ్యా, కోపం కూడా లేదు. నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి చెవిలో అడిగింది, "టీచర్, తాత నా సంచి పంపలేదా?" అని. "నువ్వు ఇస్తావని పొద్దున్నుంచీ చూస్తున్నా."

లేదు అన్నాను.

పంపలేదమ్మా అన్నాను. చుట్టూ జనం, చేతిలో పూల గుత్తి, మొహాన నవ్వు. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. దాని మంచికే అనుకున్నాను.

అప్పుడే ముఖ్య అతిథి మైకు తీసుకున్నాడు. నేను రాసింది గట్టిగా చదివాడు. "ఎవరూ చూడని క్షణంలో కాలిన చెంప ఇది." బొత్తాం వాళ్ళమ్మకి చదవడం రాదు. అందుకే అప్పటిదాకా ఆ రాత ఏమిటో ఆవిడకి తెలియదు. విన్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గోడవైపు ఒకసారి చూసి, తల దించుకుని, చప్పట్లు కొడుతున్న జనం మధ్యలోంచి బయటికి నడిచింది. బొత్తాం తన మెళ్ళోంచి కెమెరా తీసి కుర్చీలో పెట్టి వాళ్ళమ్మ వెనకాల పోయింది. ఆ కెమెరా ఇప్పుడు నా బల్ల మీద ఉంది. నీ రబ్బరు బ్యాండు కెమెరాయే. స్ప్రింగు మార్పించాను.

మర్నాడు పేపర్లో ఆ ఫొటో మొదటి పేజీలో వేశారు. గోదాము వాళ్ళు గొట్టానికి తొడుగు వేయిస్తామని ఒప్పుకున్నారు. అందరూ నాకు ఫోన్లు చేసి మెచ్చుకుంటున్నారు. ప్రతి మెప్పుకీ తల కొట్టేసినట్టవుతోంది.

ఆ సంచిలో ఏముంది మామయ్యా? ప్రింటు సంగతి కాదు. మొదటిసారి అది నీకు పెట్టిన ఆ చీటీలో ఏం రాసింది? నువ్వు నోరు విప్పకపోవడానికి ఏదో కారణం ఉండాలి. ఎంత చేదుగా ఉన్నా సరే చెప్పు.

నువ్వు ఏమన్నా పడే

మేనకోడలు

•

మార్చి 24

అమ్మడూ,

ఎవరికీ చెప్పనని ఆ పిల్లకి మాటిచ్చాను. ఇప్పుడు తప్పుతున్నాను. దాని మొదటి చీటీ ఇందులో పెడుతున్నాను. మీ అత్తయ్య దీన్ని చదివి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు, నా మీద ఏదో కోపం ఉన్నట్టు. చదువు.

*తాతా, చివరి ఫొటోలో ఈ చెంపని ఆ చెంపలాగా చెయ్యి. స్టూడియో తాతలకి అది వచ్చని టీచర్ చెప్పింది. నాకోసం కాదు. మా అమ్మ ఎప్పుడూ నాకు మంచి చెంప వైపే కూర్చుంటుంది. జడ కూడా ఇటుపక్క నుంచే వేస్తుంది. అటు చూస్తే ఏడుస్తుంది. ఒక్క ఫొటో ఉంటే ఏడవకుండా చూసుకుంటుంది కదా. హాల్లో అందరి ముందూ ఇస్తాను. టీచర్‌కి చెప్పకు. టీచర్‌కి నా మచ్చంటే చాలా ఇష్టం.*

నేను వెంటనే చేసేయలేదు. అదిగో, నువ్వు మోసిన జవాబులో మూడు అడిగాను. ఎవరైనా చెప్తే అడుగుతున్నావా, నీకే తోచిందా? మచ్చ ఉన్న ఫొటో కూడా ఒకటి నీకు వేయనా? తర్వాత నచ్చకపోతే చింపేస్తావా? మూడింటికీ జవాబు రాసింది. తనకే తోచిందట. మచ్చది తన దగ్గర ఎప్పుడూ ఉంటుంది కాబట్టి వద్దట. అమ్మకి నచ్చకపోతే చింపేస్తుందట. అప్పుడు బ్రష్షు తీశాను. చెయ్యి వణుకుతోంది ఈమధ్య, నాలుగు రోజులు పట్టింది.

ఎందుకు అన్నిసార్లు అడిగానో తెలుసా? నీవల్ల.

నీకు స్కూల్లో బహుమతి వచ్చిందని మీ నాన్న నిన్ను స్టూడియోకి తీసుకొచ్చాడు. ఫొటో తీశాక నిన్ను బయట కూర్చోబెట్టి, "బావా, ఆ కన్ను కాస్త చూడు" అన్నాడు. చూశాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. ఫ్రేము కట్టి నీ చేతిలో పెట్టాను. నువ్వు చాలాసేపు చూసి, "ఇదెవరు మామయ్యా?" అన్నావు. మేమిద్దరం పగలబడి నవ్వాం. వారం రోజులు వచ్చినవాళ్ళందరికీ ఆ మాట చెప్పి నవ్వించాను. నువ్వు ఆ తర్వాత ఏ కెమెరాకీ ఎదురుగా కూర్చోలేదు. అది నాకు తట్టడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటి నుంచీ ఎవరి నాన్న చెప్పినా, అమ్మ చెప్పినా, పిల్లని అడక్కుండా వేలు పెట్టలేదు నేను. నీకు ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది. చెప్పడానికి సిగ్గేసింది.

నీ ఉత్తరం చూసినప్పుడు ఒక్క ముక్క రాసి ఉంటే ఇదంతా ఆగేది. "అది అడిగింది, నేను చేశాను" అని. దానికిచ్చిన మాట కోసం ఊరుకున్నానని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను. నిజం అది కాదు. నన్ను మీరు అన్నావని అలిగాను. ముసలివాడి అలక ఒక తల్లికి అందరి ముందూ ఏం చేసిందో చూడు. మీ అత్తయ్య కోపం కూడా అదే అని ఇప్పుడర్థమైంది.

ఫొటో తీసినవాళ్ళదే అన్నావు నువ్వు. అడక్కుండా ముట్టుకోనన్నావు. అడగలేదు. నేనింకేం రాయను? వెళ్ళు. ఉత్తరం కాదు, కాళ్ళతో వెళ్ళు.

మీ మామయ్య

•

ఏప్రిల్ 6

మామయ్యా,

వెళ్ళాను. నాలుగుసార్లు గోదాము గేటు దాకా పోయి వెనక్కి వచ్చి, ఐదోసారి వెళ్ళాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. గది తలుపు తీసే ఉంది. వాళ్ళమ్మ పీట మీద కూర్చుని ఏదో కుడుతోంది, బొత్తాం పక్కన దారం ఎక్కిస్తోంది. కుడి చెంప వైపే కూర్చుంది ఆవిడ. నువ్వు పంపిన చీటీ చదవకపోతే నాకది కనపడేది కాదు. ఏడాదిగా ఆ గదికి వెళ్తున్నాను నేను, అందరికీ చూడటం నేర్పిస్తానని చెప్పుకుంటూ.

సంచి బొత్తాం చేతిలో పెట్టాను. "తాత ఎప్పుడో పంపాడు. నేనే విప్పాను, నేనే దాచాను, లేదని నీతో అబద్ధం చెప్పాను" అన్నాను. ఇంకా చాలా అనుకుని వెళ్ళాను, అంతవరకే చెప్పాను. బొత్తాం ప్రింటు తీసి చాలాసేపు చూసుకుంది. "తాత బాగా చేశాడు" అంది. మళ్ళీ లోపల పెట్టి బొత్తాం పెట్టేసింది. "ఇప్పుడెందుకండీ? అమ్మ పెద్దది చూసేసిందిగా" అంది.

అండీ అంది మామయ్యా. "జరుగు" అనే పిల్ల. ఆ రోజు "మీరు" చదివి నీకెలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

వాళ్ళమ్మకి క్షమాపణ చెప్పబోయాను. ఆవిడ కుట్టు ఆపి నన్నే ఓదార్చింది. "మీరు ఉన్నదే కదమ్మా రాయించారు. ఎవరూ చూడలేదని. చూడాల్సింది నేనే. మూట ఎత్తడానికి అటు తిరిగాను, అంతే." కాదండీ, మిమ్మల్ని కాదు, గోదాము వాళ్ళని అన్నాను అని మొదలుపెట్టి మధ్యలోనే ఆపేశాను. ఆ మాట ఎవరి గురించి అయినా, చదివించింది ఆవిడ ముందు. ఆరేళ్ళుగా మనసులో తనని తాను అనుకుంటున్న మాటని నేను మైకులో చెప్పించాను. నేను బాగా రాశానని మురిసిపోయిన వాక్యం అది. భూమి చీలితే బాగుండు అనిపించింది.

ఆవిడ బొత్తాం చేతిలోంచి సంచి తీసుకుని, వెలుగు దగ్గరికి పోయి, ప్రింటు చూసింది. మాకు వీపు పెట్టి నిలబడింది. తర్వాత దాన్ని సంచిలో పెట్టి పైన మేకుకి తగిలించింది. నచ్చిందో లేదో తెలియదు. అది అడిగే హక్కు నాకు లేదు కదా.

పెద్ద ఫొటో దింపేశానని, చుట్టి తెచ్చానని చెప్పాను. గుమ్మం పక్కన పెట్టమంది బొత్తాం. పేపర్లో వచ్చింది మాత్రం నేనేం దింపగలను? అంగడివాడు దాంట్లోనే మేకులు పొట్లం కట్టి ఇచ్చాడట వాళ్ళకి.

వచ్చేస్తుంటే బొత్తాం వాకిట్లోకి వచ్చింది. "టీచర్, మీరెప్పుడూ అటు తిరుగుతారెందుకు?" అని అడిగింది. నువ్వడిగిన మాటే. నీతో ఆడినట్టు దానితో అబద్ధం ఆడలేకపోయాను. నా కన్ను సంగతి చెప్పాను. చిన్నప్పటి నుంచీ ఎవరైనా కెమెరా ఎత్తితే మెడ దానంతటదే తిరుగుతుందని చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"అయితే మీ ఫొటో గోడంత చేసి పెట్టనా?" అంది.

వద్దు అనేశాను. ఆలోచించలేదు మామయ్యా, ఒక్క క్షణం కూడా. బొత్తాంకి ఆ మాట అనే అవకాశమే నేను ఇవ్వలేదని నోట్లోంచి వచ్చాక తెలిసింది. బొత్తాం "ఊఁ" అంది. దాంట్లో దెప్పుపొడుపు లేదు, అందుకే ఇంకా సిగ్గేసింది.

కాసేపటికి, "కెమెరా తెచ్చారా?" అంది. నా సంచిలోనే ఉంది. ఇచ్చాను. "కూర్చోండి. గోడకి కాదులెండి, తాతకి" అంది. గుమ్మం ముందు మూట మీద కూర్చోబెట్టింది. గడ్డం కొంచెం కిందికి అంది. నా మెడ పక్కకి పోయింది, ఆగింది. మళ్ళీ పోయింది, మళ్ళీ ఆగింది. విసుక్కోలేదు, నవ్వలేదు. నాలుగోసారి ఎదురుగా చూశాను. నొక్కింది. ఫిల్ము చుట్టి, రోలు తీసి, కెమెరా మళ్ళీ నా చేతిలో పెట్టేసింది. ఆదివారం క్లాసుకి వస్తావా అని నేను అడగలేదు. అడిగితే మొహమాటానికి రావాల్సి వస్తుందేమో అని ఊరుకున్నాను.

మొన్న పొద్దున మా ఆఫీసు గుమ్మంలో ఈ సంచి పెట్టి వెళ్ళింది. ఈసారి బొత్తాం నల్లది. నీ పేరు రాసి ఉంది, విప్పలేదు. లోపల చీటీ కూడా ఉన్నట్టుంది, చేతికి తగులుతోంది. ఏం రాసి ఉంటుందో నాకు తెలుసు, ఆ రోజు నేను బయల్దేరేటప్పుడే పైకి అంది. "కన్నుని ఏం చెయ్యాలో టీచర్నే అడగమని తాతకి రాస్తాను" అని.

మామయ్యా, నువ్వు అడుగుతావు. మూడుసార్లు అడుగుతావు. నాకు నలభై ఏళ్ళు నిండుతున్నాయి, ఇన్ని క్లాసులు చెప్పాను, ఏం జవాబు చెప్పాలో ఇంకా తెలియడం లేదు. కాస్త ఆలస్యంగా అడుగు.

నిన్ను నువ్వు అనే

నీ మేనకోడలు